ఆఫ్ స్టంపు అవతలి బంతి

విశ్రాంత వ్యాయామోపాధ్యాయులు, ఒకనాటి నా ఓపెనింగ్ జోడీ శ్రీ మొగిలి గారి సముఖమునకు,

ఊరు, తేదీ వేయలేదు. మరచి కాదు. టెస్టు జరిగే రోజుల్లో మన లేఖలకు ఆట రోజే తేదీ, క్రీజే ఊరు అని ఉద్యోగాల్లో ఉండగానే ఒప్పుకున్నాము. ఆ లెక్కన ఇది ఆస్ట్రేలియాలో మొదటి టెస్టు, రెండవ రోజు. ఒప్పందంలోని రెండవ షరతును కూడా గుర్తు చేస్తున్నాను. ఆట ముగిసే వరకు ఇద్దరి ఫోన్లూ మూసి ఉండాలి. ఫోనులో మనం మాట్లాడుకుంటే అది చర్చగా మొదలై తగవుగా ముగుస్తుంది. కాగితం మీదనైతే ఎవరి వాక్యాన్ని వారు నిరాటంకంగా పూర్తి చేసుకోవచ్చు.

ఇక విషయం. ఈ ఉదయం మన మూడో నంబరు కుర్రవాడు ఆఫ్ స్టంపు అవతల పడిన ప్రతి బంతినీ వదిలివేశాడు. భోజన విరామం దాకా అదే పని. వ్యాఖ్యాతలు నవ్వుకున్నారు. నేను లేచి నిలబడి చూశాను. కొత్త బంతి ఎదుట బ్యాటు విసరడానికి చేతులుంటే చాలు. విసరకుండా ఉండడానికి చదువు కావాలి. మీ వాదం నాకు కంఠస్థమే: బౌలరును కుదురుకోనివ్వకూడదు, మొదటి గంటలోనే వాడి నడుము విరగ్గొట్టాలి. జిల్లా ఉపాధ్యాయుల పోటీల్లో మీరు అలా విరగ్గొట్టబోయి నన్ను అవతలి కొసన ఒంటరిని చేసి వెళ్ళిన సందర్భాలను ఇక్కడ ఉదాహరించను. కాగితం చాలదు.

ఒక చిన్న ఫిర్యాదు. మీ క్రిందటి లేఖలో పంక్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. మీ వ్యాకరణాన్ని నేను ఎన్నడో దేవునికి వదిలివేశాను. కనీసం గీతల కాగితం మీద గీత దాటకుండా వ్రాయండి.

నా పూర్వ విద్యార్థి, కండక్టరు ఓంప్రకాశ్ మంచిర్యాల బస్సులో దీన్ని తెస్తున్నాడు. శ్రీరాంపూర్ స్టాపులో సిద్ధంగా ఉండండి. మీ కోసం బస్సు ఆపి ఉంచడం నియమవిరుద్ధం.

భవదీయుడు,
కొమురెల్లి

*

శ్రీరాంపూర్
మొదటి టెస్టు, మూడో రోజు

కొమురెల్లి సారుకు దండం.

ఊరు రాసిన. ఊరు రాయకుంటే నాకు ఉత్తరం రాసినట్టే అనిపియ్యది. కోపానికి రాకు.

గా పోరడు వదులుడు నేను సూడలేదనుకుంటున్నవా? సూసిన. సూసి సూసి ఆవలింతలు వచ్చినయ్. బాల్ వస్తది, బ్యాటు లేపుతడు, బాల్ పోతది. మల్ల వస్తది, మల్ల లేపుతడు. గిది ఆటనా, సలాం కొట్టుడా? ఒక్క ఫోర్ కొట్టుమను, గా ఫీల్డర్ల గుంపు ఎట్ల చెదురుతదో సూడు. బౌలరు గూడ మనిషే సారూ, వానికి గూడ భయం ఉంటది. నీ అసొంటోళ్ళు వదిలి వదిలి వానికి ధైర్యం చెప్తున్నరు. ఊకె వదులుకుంట కూసుంటే ఎప్పుడో ఒకటి లోపలికి వస్తది. వచ్చేటప్పుడు నీకు చీటి రాసి చెప్పదు.

జర ఇంకో సంగతి. నవ్వకు. వారం సంది ఎడమ కంట్లె నల్లటి ఈగలు తిరుగుతున్నయ్. మొదాలు టీవీ మీద అనుకొని గుడ్డ తడిపి తుడిసిన. మా ఇంటామె సంతోషమ్మ పడి పడి నవ్వింది. “ఓ డ్రిల్లు సారూ, టీవీ ఏం పాపం చేసింది, ఈగలు నీ కంట్లున్నయ్” అన్నది. కంటి మూలకు అప్పుడప్పుడు మెరుపు గూడ కొడుతుంది, వెల్డింగ్ షాపు ముందల నిలవడ్డట్టు. లైన్లు ఎక్కుడు గందుకే, నీ మీద కోపంతోని కాదు.

నీకు గూడ కంటికి అయింది గద, ఆపరేషన్ చేపిచ్చుకున్నవు. ఏం చెయ్యాలె సారూ? మా బిడ్డ స్తుతి డాక్టరు తానికి పోదాం పోదాం అని నా పానం తింటుంది. నువ్వేమంటే గదే.

మొగిలి

*

కరీంనగర్
మొదటి టెస్టు, నాల్గవ రోజు

మిత్రులు మొగిలి గారికి,

మీరు ఊరు వ్రాసి ఒప్పందం చెడగొట్టారు గనుక నేనూ వ్రాశాను. సరిపోయింది.

మొదట కన్ను. మీకు వచ్చినది శుక్లం, మీ మాటలో మోతిబిందు. నా కుడి కంటికి వచ్చినప్పుడు నాకూ లోకమంతా మబ్బుగానే కనిపించింది. తొందరపడి పరుగెత్తాను. డాక్టరు దీపం వేసి చూసి, “ఇంకా ముదరలేదు పెద్దాయనా, ఆరు నెలలు ఆగి రా” అని పంపించాడు. బస్సు కిరాయీ, ఒక రోజూ వృథా. ఆగి వెళ్ళాను, పని సుఖంగా ముగిసింది. ఇప్పుడు సూదిలో దారం నేనే ఎక్కిస్తున్నాను. పచ్చి శుక్లాన్ని ఎవరూ కోయరు. కనుక కంటి విషయంలోనూ నా సిద్ధాంతం అదే: వదిలేయండి. కొమురెల్లి సారు అనుభవించి చెబుతున్నాడని స్తుతికి చెప్పండి. ఈ కాలపు పిల్లలకు తుమ్ము వస్తే స్కానింగ్ కావాలి.

ఇక ఆట. లోపలికి వచ్చే బంతి గురించి నన్ను హెచ్చరించారు. ఆ కుర్రవాడు నిన్న రోజంతా నిలబడ్డాడు, శతకమూ చేశాడు. మీ లోపలికి వచ్చే బంతి ఏ ఊళ్ళో ఆగిపోయిందో విచారించండి. నేను విజయగర్వంతో వ్రాస్తున్నానని అనుకోవద్దు. అనుకున్నా తప్పు లేదు.

ఓంప్రకాశ్ మీ మీద ఒక మాట చెప్పాడు. “సార్, మొగిలి సారు కవరు నా చేతికియ్యలే. చెయ్యి పక్కన గాలికిచ్చిండు. కిందవడితే నేనే ఏరుకున్న” అన్నాడు. గాలి చేత లేఖలు పంపడం కావ్యాల్లో శోభిస్తుంది, బస్టాపులో కాదు. మనసు పెట్టి ఇవ్వండి.

భవదీయుడు,
కొమురెల్లి

*

శ్రీరాంపూర్
నాలుగో టెస్టు మొదటి రోజు, క్రిస్మస్ తెల్లారి

సారుకు దండం, పండుగ శుభాకాంక్షలు.

నడిమిట్ల టెస్టులు లేనప్పుడు ఫోన్‌ల మాట్లాడుకున్నం గాని కంటి ముచ్చట నేనే తీయలే. నువ్వు వదులుమన్నవు, వదిలిన. ఒక్క మాటకు రెండు మాట్లు అడుగుడు నాకు సిగ్గు.

ఇప్పుడు ఈగలు తక్కువైనయ్. వాటి జాగల తెర వచ్చింది. నల్లగ, కింది దిక్కు నుంచి, మెల్లమెల్లగ మీదికి లేస్తున్నట్టు ఉన్నది. కుడి కన్ను మూసి సూస్తే తెలుస్తది. పొద్దున గట్లనే సూసిన. వాళ్ళ ఫాస్ట్ బౌలరు ఉరికొస్తుండు సారూ, నడుము మీది దాకనే ఉన్నడు. కాళ్ళు లేవు. కాళ్ళు లేని మనిషి నా మీదికి ఉరికొచ్చినట్టున్నది. జర భయమైంది. రెండు కండ్లు తెరిస్తే కాళ్ళు వచ్చినయ్, నవ్వుకున్న.

నిన్న చర్చిల పాట పాడెటప్పుడు పుస్తకంల కింది లైను దొరకలే. యాదికి ఉన్నదే పాడిన. పాస్టరు నా దిక్కు సూసిండు.

ఇదే ముదురుడు కావొచ్చు. ముదిరినంక కోస్తరంటివి గద. స్తుతి ఒక్క తీరుగ కొట్లాడుతుంది. టెస్టు అయినంక నువ్వు చెప్పిన రోజే వస్త అన్న.

ఆట సంగతి: మనోడు మల్ల వదులుడే షురూ చేసిండు. నువ్వు ఖుషీగ ఉంటవు. నాకైతే ఒక్క షాట్ కావాలె సారూ, గట్టిగ కొట్టిన చప్పుడు. చప్పుడైతే మంచిగ వినవడుతుంది.

మొగిలి

*

కరీంనగర్
నాల్గవ టెస్టు, రెండవ రోజు

మొగిలి గారికి,

కాళ్ళు లేని బౌలరు! ఉపమ బాగున్నది. మీరు తెలుగు బోధించవలసినవారు, నేను డ్రిల్లు చేయించవలసినవాణ్ణి.

శుక్లం ముదిరే తీరు ఒక్కొక్కరిలో ఒక్కొక్క విధం. నాకు తెర కింది నుంచి రాలేదు, నలువైపులా పొగమంచు కమ్మినట్లు వచ్చింది. మీది కింది నుంచి వస్తున్నది, అంతే భేదం. టెస్టు ముగిసిన మరునాడు ఇక్కడికి రండి. నా డాక్టరు వద్దకు నేనే తీసుకువెళతాను. అప్పటిదాకా పుస్తకాలు పట్టుకోకండి.

మన జట్టు చిక్కుల్లో పడింది. నా అంచనా, చివరి రోజు పూర్తిగా నిలబడితే తప్ప బయటపడము. గెలుపు అసంభవం, ఓటమి దగ్గరలో ఉంది. ఇటువంటి చోటనే మీ చప్పుడు సిద్ధాంతం ఎంత ప్రమాదమో తెలుస్తుంది. వదలాలి. తోక దాకా అందరూ వదలాలి.

ఈ లేఖ వ్రాయడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆ తెర మాట మనసును వదలడం లేదు. ఎందుకో తెలియదు.

కొమురెల్లి

*

శ్రీరాంపూర్

పెద్దసారు గారికి నమస్కారం.

నేను స్తుతిని. బాపుకు తెలవకుండ ఓంప్రకాశ్ అన్నకు ఈ ఉత్తరం ఇస్తున్న. పొద్దటి నుంచి మీ ఫోన్‌కు చేస్తున్న, బంద్ ఉన్నది. బాపు ఫోన్ కూడ బంద్ పెట్టి బీరువాల పెట్టిండు. మీ ఇద్దరి షరతు మాకు తెలుసు సార్. గని ఇంట్ల ఇంకో ఆట నడుస్తుంది.

ఈరోజు బాపుకు ఎడమ దిక్కు ఏమీ కనిపించలే. గడప తట్టుకొని పడ్డడు. దెబ్బ పెద్దది కాదు. అవ్వా నేనూ కొట్లాడి మంచిర్యాలల కంటి డాక్టరుకు చూపించినం. అది మోతిబిందు కాదంట సార్. కంటి వెనుక, వెలుతురును పట్టుకునే పొర ఉంటదంట. అది చిరిగి, గోడ సున్నం ఊడినట్టు ఊడుతుందంట. ఈగలు తిరిగినప్పుడే వస్తే లేజర్ లైటుతోని అతికించేవాళ్ళమన్నడు. ఇప్పుడు కరీంనగర్‌ల పెద్ద ఆపరేషన్ చెయ్యాలె, ఆలస్యమైన కొద్దీ పోయిన చూపు మళ్ళీ రాదన్నడు.

బాపు రానంటుండు. “ఇంకా రెండు దినాల ఆట ఉన్నది. టెస్టు అయినంక సారే తీస్కపోతనన్నడు. సారుకు తెలవంది గీ డాక్టరుకు తెలుసా?” అంటుండు. మీరంటే ఆయనకు అంత నమ్మకం.

మిమ్మల్ని నేనేమీ అంటలేను సార్. మీరు రమ్మని ఒక్క మాట రాయండి. మా మాట ఎవ్వరిది వినడు. నా నంబరు కింద రాసిన.

స్తుతి

*

కరీంనగర్
నాల్గవ టెస్టు, నాల్గవ రోజు, ఉదయం

మొగిలీ,

ఈ కాగితం మీ చేతికి అందిన బస్సులోనే ఎక్కాలి. ఓంప్రకాశ్ మంచిర్యాల దాకా వెళ్ళి తిరిగి వచ్చేటప్పుడు శ్రీరాంపూర్‌లో మీ కోసం ఆగుతాడు. ఎంతసేపైనా ఆగుతాడు.

ఫోను తెరిచాను. స్తుతితో మాట్లాడాను. మీకు ఇవ్వమంటే మీరు తీసుకోలేదట. “ఫోన్‌ల సారు నన్ను సముదాయించనీకి ఏమన్న అంటడు, కాగితం మీదైతే ఉన్నదే రాస్తడు” అన్నారట. అయితే ఉన్నది వ్రాస్తున్నాను. నేను చెప్పినది తప్పు. అది శుక్లం కాదు. నాకు ఒకే ఒక కంటి జబ్బు తెలుసు గనుక మీకూ అదే అంటగట్టాను.

ఆసుపత్రి గుమ్మం దగ్గర ఉంటాను. ఆట చూడడం లేదు.

కొమురెల్లి

*

కరీంనగర్, ఆసుపత్రి లోపలి నుంచి
ఐదో రోజు, పొద్దున

సారూ,

రాసేది స్తుతి, చెప్పేది నేను. చెప్పినట్టే రాయుమన్న. సక్కగ చెయ్యబోతే ఊకోను.

నిన్న వచ్చినప్పుడు నీ మొకం సరిగ సూడలే. గొంతు విన్న. నువ్వు ఏడ్సినవని స్తుతి అంటుంది, నేను నమ్మలే.

ఎడమ కన్ను కోసిండ్రు. లోపల గాలి నింపిండ్రంట. అది పొరను ఒత్తి పట్టాల్నంట, గందుకని నన్ను బోర్ల పండవెట్టిండ్రు. పొద్దుమాపు గిట్లనే. స్కూల్ల పోరగాండ్లను ఎండల దండీలు తీపిచ్చిన పాపం నాకే తాకింది. చూపు వస్తదా అంటే డాక్టరు “చూద్దాం” అన్నడు. నేను గూడ గదే అన్న, సూద్దాం. ఇద్దరం నవ్వినం. తర్వాత ఆయిన నవ్వలే.

ఇప్పుడు కుడి కంట్లె గూడ చిరుగు ఉన్నదంట. ఇంకా ఊడలేదు. ఈరోజే లైటు కొట్టి అతికిస్తమంటుండ్రు, సంతకం పెట్టుమంటుండ్రు. నేను పెట్ట. ఒకటి ముట్టుకున్నరు, ఏమైందో ఎవ్వలికి తెల్వది. మిగిలిన ఒక్కటి ముట్టుకోనియ్య. నువ్వు మొదాలు వదులుమన్నవు, తర్వాత రమ్మన్నవు. ఏది పట్టుకోవాలె సారూ? నాకు సమజైతలేదు.

బయట బెంచి మీద కూసున్నవంట. లోపలికి రాకు. టెస్టు అయిపోలే. మాట మాటే. ఆటేమైందో సూసి, అయినంక ఉత్తరం రాసి స్తుతికియ్యి. మనోళ్ళు ఓడితే నీ వదులుడు తప్పన్నట్టు, సంతకం పెడ్త. నిలవడి డ్రా చేస్తే నీ వదులుడే కరెక్టు, నా కంటికి ఎవ్వల్ని రానియ్య. గింతే లెక్క.

అబద్ధం రాయకు. నువ్వు రాస్తే నాకు తెలుస్తది.

మొగిలి

*

కరీంనగర్, ఆసుపత్రి వరండా, నీ గది ముందరి బెంచి
ఐదవ రోజు, ఆట ముగిసిన తరువాత

మొగిలీ,

ఈ లేఖకు ముందు ఇంకొకటి వ్రాశాను. అందులో ఒకటే వాక్యం: మనం ఓడిపోయాము. స్తుతి నా పక్కన నిలబడి, “గదే రాయుండ్రి సార్, ఎవ్వల కొంప మునుగుతది” అని చేతులు జోడించింది. మీ సంతోషమ్మ నా చేయి వైపే చూస్తూ కూర్చుంది. కాగితం మడిచాను కూడా. కాని స్తుతి దాన్ని చదివే గొంతులోనే నీకు తెలిసిపోతుంది. తెలిసిన తరువాత నీకు నా మాట అంటూ ఏదీ మిగలదు. ఆ కాగితాన్ని చించివేశాను.

టెస్టు డ్రా అయింది.

నీ లెక్క ప్రకారం నేను గెలిచాను. ఇక ఎలా డ్రా అయిందో చెబుతాను. పూర్తిగా విను, ఆ తరువాత నీ ఇష్టం.

క్రింద మందుల దుకాణంలో టీవీ ఉంది. నీ కాగితం అందినప్పటి నుంచి అక్కడే నిలబడి చూశాను. మన మూడో నంబరు కుర్రవాడు మళ్ళీ రోజంతా వదిలాడు. ఇన్నాళ్ళూ నేను వాడి బ్యాటును చూశాను, ఈనాడు వాడి తలను చూశాను. బౌలరు చేతిలోంచి కీపరు చేతుల్లోకి చేరే దాకా బంతి ఎటు పోతే తల అటు తిరిగింది. ఒక బంతికి బ్యాటు ఎత్తివేశాడు. అది సగం దూరంలో లోపలికి తిరిగింది. నువ్వు చెప్పిన బంతి అదే మొగిలీ, చీటి రాసి చెప్పకుండా వచ్చేది. ఎత్తిన బ్యాటును దించి అడ్డుకున్నాడు. దుకాణంలో అందరూ అరిచారు. వాడు దాన్ని చూశాడు గనుక దించగలిగాడు. వదిలిన ప్రతి బంతినీ చూసే వదిలాడు. ఇంత చిన్న సంగతి నేను జీవితమంతా క్రికెట్టు చూసి గ్రహించలేదు.

చివరి గంటలో మబ్బు కమ్మింది. దీపాలు వేశారు, చాలలేదు. తోక బ్యాటరు ఒకడు ఉన్నాడు. వాడికి ఒక బంతి భుజం పక్క నుంచి పోయింది, వాడు కదలలేదు. నేను పొంగిపోయి, “భేష్, వదిలాడు” అన్నాను. తరువాత దగ్గరగా చూపించారు. వాడు వదలలేదు. వాడికి అది కనబడలేదు. ముఖం తెల్లబోయి ఉంది.

వాడేం చేశాడో విను. తల దించుకుని మరొక బంతికి నిలబడలేదు. అంపైరు దగ్గరికి నడిచి, నాకు బంతి కనబడడం లేదని చెప్పాడు. అంపైర్లు మీటరు తీసి వెలుతురు చూశారు. బెయిల్స్ ఎత్తివేశారు. అలా బతికాము. కనబడినంత సేపు వదిలి, కనబడనప్పుడు ఆ మాట బయటికి చెప్పి.

నీకు కనబడలేదు. నువ్వు నాకు ఆ మాట చెప్పావు, ఈగలనీ, మెరుపులనీ, కాళ్ళు లేని బౌలరనీ. అంపైరు స్థానంలో నేనున్నాను. నేను మీటరు చూడలేదు. ఆడమన్నాను.

ఎడమ కంటి సంగతి డాక్టరును నేనూ అడిగాను. ఆయన నాకూ “చూద్దాం” అనే అన్నాడు. ఆ ముఖంలో ఆశ నాకు కనిపించలేదు. అబద్ధం వ్రాయవద్దన్నావు గనుక వ్రాస్తున్నాను. కుడి కంటి గురించి మాత్రం ఆయన వేరే గొంతుతో మాట్లాడాడు. ఇప్పుడు అతికిస్తే నిలిచే అవకాశం బాగా ఉందన్నాడు. రేపటి మాట అడిగితే గడియారం చూసుకున్నాడు. లైటు గది తలుపు తెరిచే ఉంది.

సంతకం పెట్టు మొగిలీ. నన్ను గెలిపించి కన్ను పోగొట్టుకోకు.

అమ్మా స్తుతీ, నీకు ఒక విన్నపం. మందు చుక్కలు వేసినందువల్ల బాపు ఈ అక్షరాలను పోల్చుకోలేడు. దిండు పక్కన కూర్చుని దీన్ని గట్టిగా చదివి వినిపించు. డ్రా అయిందన్న వాక్యాన్ని దాటవేయకు, ఎడమ కంటి వాక్యాన్నీ దాటవేయకు. మధ్యలో ఆయన ఆపమంటాడు. ఆపకు. నీ గొంతు తలుపు ఇవతలికి వినబడాలి. నేను ఇక్కడే కూర్చున్నాను, చదువు.

కొమురెల్లి